అంగుళం బాబాయ్ కొలతల పుస్తకం

వీధిలో అందరికీ ఆయన అంగుళం బాబాయే. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నా, ఏ మనిషినైనా టేపుతో కొలిచింది ఒక్కసారే. ఆ అంకెలు లావుపాటి పుస్తకంలోకి ఎక్కాయంటే ఇక శిలాశాసనమే. మళ్లీ కొలవమంటే చిర్రెత్తుకొచ్చేది. "నువ్వు పుస్తకంలో ఉన్నావయ్యా!" అని పంపేసేవాడు. మనిషిని మనిషి ముట్టుకోకూడని కరోనా రోజుల్లో ఆ పుస్తకాన్ని చూసుకుని ఇంకాస్త మురిసిపోయాడు.

కరోనా పోయి రెండేళ్లయినా కొట్టు మాత్రం కోలుకోలేదు. మూడు మిషన్లలో రెండింటి మీద దుప్పటి కప్పేశాడు. నెలాఖరులోగా గిరాకీ పుంజుకోకపోతే కొట్టు మూసేస్తానని భార్యకు మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ, కత్తెర పట్టని పొద్దు ఎలా గడుస్తుందో ఊహకే అందలేదు. పాతవాళ్లు దారిలో ఎదురైతే ఆప్యాయంగా నవ్వుతారు, కొట్టు మెట్లు మాత్రం ఎక్కరు. ఎందుకో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు.

అలాంటప్పుడు, చిన్న వ్యాపారాలు ఎలా కోలుకుంటున్నాయో పరిశోధన చేస్తున్నానంటూ యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వారం రోజులు కొట్టులోనే కూర్చుంది. పాతవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగింది. ఒకరు తీరిక లేదన్నారు, ఒకరు రెడీమేడ్ అలవాటైందన్నారు, ఇంకొకరు ఎండలన్నారు.

"ఎండకీ చొక్కాకీ ఏం సంబంధమమ్మా?"

"నాకూ అర్థం కావట్లేదు బాబాయ్ గారూ. మీరు మంచివారని అందరూ అంటున్నారు. మరెందుకు రారో ఒక్కరూ చెప్పరు."

ఇద్దరికీ అయోమయమే మిగిలింది.

చివరి రోజు ఆ అమ్మాయి కొలత తీయడం నేర్పమంది. ఆయన సరదాపడి చేతులు చాచి నిలబడ్డాడు. ఛాతీ చుట్టూ టేపు తిప్పి, "ముప్పై ఆరు" అంది.

"నలభై" అన్నాడు, పుస్తకం చూడకుండానే. "టేపు సాగిపోయుంటుంది."

సొరుగులోంచి కొత్త టేపు తీశాడు. అదీ ముప్పై ఆరే అంది. ఆయన రెండు టేపుల్నీ పక్కపక్కన పెట్టి తెల్లమొహం వేశాడు.

భోజనం క్యారియర్ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది. "కరోనాతో ఆసుపత్రిలో ఉండి వచ్చాక చిక్కిపోయారు కదండీ. ఆ చొక్కాలో ఇంకో మనిషి పడతాడు."

"మరి చెప్పలేదేం?"

"మీరు కుట్టుకున్నదాయె. నొచ్చుకుంటారని."

ఆయన గబగబా పుస్తకం తిప్పాడు. జబ్బుపడి లేచినవాళ్లు, ఇంట్లో కూర్చుని లావైనవాళ్లు, చూస్తుండగానే పొడుగైన పిల్లలు. అందరికీ ఈ పాత అంకెలతోనే కుట్టిచ్చాడు. సిగ్గుతో మొహం ఎర్రబడింది.

"ఇన్నాళ్లూ నేను ఎవరికి కుట్టానమ్మా?" అన్నాడు.

ఆ అమ్మాయి కలం పక్కన పెట్టేసింది.

తన పేజీలో నలభై కొట్టేసి ముప్పై ఆరు వేశాడు. టేపు మెళ్లో వేసుకుని, అన్నం కూడా ముట్టకుండా, ఎదురింటి రిటైరైన మాస్టారి తలుపు తట్టాడు. మాస్టారు ఆయన కుట్టిన చొక్కాతోనే బయటికొచ్చారు. దాని భుజాలు మోచేతుల దాకా జారి, చేతులు మూడు మడతలు పెట్టి ఉన్నాయి.

"మాస్టారూ, ఒక్కసారి చేతులు చాచండి."

మాస్టారు మెల్లగా ఆ మడతలు విప్పి, చేతులు చాచారు.