ఎత్తుకోనా అని అడగడం నేర్పిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు మార్త, అరకు దాటాక కొండమీదున్న చిన్న పల్లె మాది, కాఫీ తోటల్లో పళ్లు కోసే కూలిదాన్ని, ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, మాట తడబడితే మన్నించండి, కానీ దేవుడు నా చేతిని ఎలా విడిపించాడో చెప్పకుండా కూర్చోలేను!

నా కూతురు రూతుకు ఐదేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలిందన్నారు, దాని కాళ్లు బిగుసుకుపోతాయి, నడవలేదు, మాటలు నాలుగైదు మించి రావు. ఆ బాధ ఎలాగో మోశాను. మోయలేకపోయింది దాని మొండితనాన్ని. స్నానానికి తీసుకెళ్తే కొరికేది, అన్నం దగ్గర కూర్చోబెడితే పళ్లెం విసిరేది, ఎత్తుకుంటే జుట్టు పట్టి లాగేది. ఒకసారి ముంచింగిపుట్టు సంత నుంచి వస్తూ, జీపు కదలబోతుంటే, "ఊరుకోయే గుంటా, బండెల్లిపోతాది!" అంటూ దాన్ని వెనక నుంచి అమాంతం చంకనేసుకున్నాను, అది నా భుజం కొరికింది, నేను అందరి ముందూ దాని చెంప పగలగొట్టాను. అది ఏడవలేదు సహోదరులారా, నన్నే చూస్తూ ఉండిపోయింది! జీపులో ఒక ముసలమ్మ, "గుంటకి ఏదో పట్టింది, ఇడిపించుకోయే," అంది. నేనూ అదే నమ్మాను. ఇంట్లో రోజూ కొట్టేదాన్ని, కొట్టి ఏడ్చేదాన్ని, ఆదివారం ఇదే మందిరంలో చప్పట్లు కొట్టి పాడేదాన్ని.

పోయిన వానాకాలం చివర్లో విశాఖపట్నం నుంచి సుధ అనే మేడమ్ మా పల్లెకు వచ్చారు. వైకల్యం ఉన్న చిన్నపిల్లలు కొందరు ఎందుకంత ఎదురుతిరుగుతారో తెలుసుకోవాలని పరిశోధన చేస్తున్నారట. నాకొక నోటుబుక్కు ఇచ్చారు, పేజీకి మూడు గడులు: ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత మీరేం చేశారు. "తప్పొప్పులు చూడను మార్తగారూ, జరిగింది జరిగినట్టు రాయండి చాలు," అన్నారు.

మొదటి రెండు గడులూ నిజమే రాశాను. మూడో గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయేది. బుజ్జగించాను అని రాశాను, ముద్దు చేశాను అని రాశాను, అన్నీ అబద్ధాలే! వారం వారం మేడమ్ వచ్చి చదివి, తల పట్టుకునేవారు. చివరికి ఒకరోజు, "మీరింత ఓర్పుగా ఉన్నా పాప మారడం లేదంటే, హాస్టలు ఉన్న ప్రత్యేక బడికి పంపడం మంచిదేమో, మా పెద్ద సార్‌కి రాస్తాను," అన్నారు. ఆవిడ వెళ్లాక నా భర్త యోహాను గుమ్మంలో కూలబడి, "ఉన్నది ఒక్క గుంట, దాన్నీ పంపించేత్తావేటే?" అన్నాడు. నా అబద్ధం నా బిడ్డను నా ఇంట్లోంచి పంపేస్తోందని అప్పుడు తెలిసింది!

మర్నాడు తోటలో పళ్లు కోస్తూ కోస్తూ కాఫీ మొక్కల మధ్య మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నా బిడ్డకు పట్టినదాన్ని వెళ్లగొట్టమని ఇన్నాళ్లూ అడిగాను, ఇప్పుడు నాకు పట్టినదాన్ని వెళ్లగొట్టు తండ్రీ, నిజం చెప్పే నోరివ్వు!" అని గొంతు పోయేలా ఏడ్చాను.

మేడమ్ మళ్లీ రాగానే ఆవిడ ఇంకా కూర్చోకముందే చెప్పేశాను. "మూడో గడిలో అన్నీ అబద్ధాలేనండి, నేను గుంటని కొడతన్నానండి."

తిడతారనుకున్నాను, పోలీసులకు చెప్తారనుకున్నాను. ఆవిడ నా పక్కనే నేలమీద కూర్చుని, "ఇది చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మొదటి నుంచి మళ్లీ రాద్దామా?" అన్నారు. నేను చెప్తుంటే ఆవిడ మూడో గడి దిద్దుతూ పోయారు. పేజీలన్నీ అయ్యాక మొదటి గడి మీద వేలు పెట్టి చూపించారు. దాదాపు ప్రతిచోటా ఒకే మాట: ఎత్తాను, ఎత్తాను, ఎత్తాను.

"చెప్పకుండా ఎత్తితే రూతు కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి, నొప్పి పుడుతుంది," అన్నారు మేడమ్. "అందరూ మూటలా ఎత్తి మూటలా దించుతుంటే, వద్దు అనడం ఒక్కటే ఆ పిల్ల చేతిలో ఉంది. మీరు కొట్టినకొద్దీ ఆ వద్దు గట్టిపడింది. పిల్లలందరికీ ఇదే కారణమని నేననను, ఈ పిల్లకు మాత్రం ఇదే అనిపిస్తోంది."

సహోదరులారా, అందులో దయ్యం లేదు, నొప్పి ఉంది!

ఆ రోజు నుంచి రూతుకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ చాపి, "ఎత్తుకోనా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టాను. మొహం తిప్పేసుకునేది. కాసేపాగి మళ్లీ అడిగేదాన్ని. ఒకరోజు పళ్లెం నా మీదకే విసిరితే నా చెయ్యి పైకి లేచింది, దాస్తే నేను అబద్ధికురాలినవుతాను, కానీ "యేసయ్యా!" అని అరిచి బయటికి పరుగెత్తాను, యోహాను బిడ్డను చూసుకున్నాడు. మరికొన్ని రోజులకు, వాన వెలిసిన ఒక ఉదయం, ఎప్పట్లాగే చేతులు చాపి అడిగాను. రూతు నన్ను చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు చేతులూ మెల్లగా పైకెత్తి, "దా," అంది! కొట్టిన చేతుల్లోకి నా బిడ్డ తనంతట తాను వచ్చింది, దేవునికే మహిమ!

హాస్టలు మాట మేడమ్ మళ్లీ ఎత్తలేదు. నా బిడ్డ ఇప్పటికీ నడవదు, ఇప్పటికీ వద్దంటుంది. ఈ ఉదయం కూడా వద్దని పట్టుబడితే అది ఒప్పుకునేదాకా ఆగాం, అందుకే ఆరాధనకు ఆలస్యంగా వచ్చాం, అయ్యగారు క్షమించాలి! మీలో ఎవరైనా నాలాగే ఇంట్లో కొట్టి ఇక్కడ పాడుతుంటే, సిగ్గుపడి దాచుకోవద్దు, ఆయన దగ్గర నిజం చెప్పండి, ఆ తర్వాత సహాయం చేయగల ఒక మనిషి దగ్గర కూడా చెప్పండి, ఆయన మిమ్మల్ని తోసిపుచ్చడు, నన్నే తోసిపుచ్చలేదు. నా నోరు తెరిచిన తండ్రికి వందనాలు, నా చెయ్యి ఆపిన ప్రభువుకు స్తోత్రం!