పేపర్ పోయిన పిల్ల

పీహెచ్‌డీ చేసే ఆ రోజుల్లో, క్వాంటం థర్మోడైనమిక్స్ తెలిసినవాళ్లు వరంగల్ మొత్తం మీద ఇద్దరేనని నాకు గట్టి నమ్మకం. ఒకరు మా గైడు గారు. (రెండోవారెవరో నా నోటితో నేనెలా చెప్పను?) ఒకే ఒక్క పరమాణువుతో వేడిని పనిగా మార్చే ఇంజను గురించి నా మొదటి పేపర్ రాసి జర్నల్‌కు పంపితే, నాలుగు నెలలకు తిరిగొచ్చింది. ప్రకృతి నియమం ఒప్పుకునే దానికన్నా మీ ఇంజను ఎక్కువ పని చేస్తోంది, ఎక్కడో తప్పుంది అన్నారు. ఆ తప్పేదో గైడు గారికీ దొరకలేదు. ఫెలోషిప్ గడువు దగ్గర పడింది. ఒక్క పేపరైనా అచ్చు కాకపోతే థీసిస్ తీసుకోరు, ఐదేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

కంచం ముందు కూర్చుని ఏడుస్తుంటే అమ్మ ఏమైందని అడిగింది. ‘‘పేపర్ పోయిందమ్మా’’ అన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. మా వైపు పేపర్ పోవడమంటే పరీక్ష తప్పడమే. ఆదివారం హనుమకొండ చర్చిలో అమ్మ లేచి నిలబడి, ‘‘మా బిడ్డ పేపర్ పోయింది, అందరు ప్రార్థన చెయ్యుండ్రి’’ అంది. పాస్టరు గారు నాకు జ్ఞాపకశక్తి దయచేయమని దేవుణ్ణి కోరారు. బయటికి రాగానే ఒకావిడ నా భుజం తట్టి, ‘‘ఫికర్ చెయ్యకు బిడ్డా. మా పెద్దోనికి నాలుగు పోయినయ్, ఇప్పుడు బ్యాంకుల చేస్తాండు’’ అని ఓదార్చింది. నేల చీలితే బాగుండుననిపించింది.

మర్నాడు సాయంత్రం, మా చర్చికే వచ్చే డయాగ్రం సార్ మా ఇంటికొచ్చారు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పే ఈయన బొమ్మ గీయనిదే ఏ లెక్కా మొదలుపెట్టరు, అందుకే ఆ పేరు. ‘‘ఏ చాప్టర్ల పోయిందమ్మా?’’ అన్నారు. ‘‘వేడి, సార్’’ అన్నాను ఒళ్లు మండి.

‘‘బొమ్మ గియ్యి. చుట్టు గీత గియ్యి. లోపలేమున్నది?’’

‘‘ఆటమ్.’’

‘‘మరి దాన్ని కొలిచేదేడున్నది?’’

‘‘బయట.’’

‘‘బయటెందుకున్నదమ్మా? థర్మామీటర్ సుత జర వేడి తాగుతది గద! తొమ్మిదో తరగతిల చెప్తం.’’

నవ్వబోయి ఆగిపోయాను. నా ఇంజను నడవాలంటే ప్రతిసారీ పరమాణువును కొలవాలి. ఆ కొలవడానికి ఖర్చయ్యే శక్తిని నేను లెక్కలోకే తీసుకోలేదు. వారం రోజులు కూర్చుని, కొలిచే పరికరాన్ని కూడా గీత లోపలికి తెచ్చి అంతా మళ్లీ చేశాను. ఇంజను బుద్ధిగా దారికొచ్చింది. రెండు నెలలకు జర్నల్ వాళ్లు పేపర్ వేసుకుంటామని రాశారు.

ఇక చర్చిలో అమ్మ సాక్ష్యం: ‘‘దేవుని దయవల్ల పేపర్ పాసయ్యింది!’’ అందరూ చప్పట్లు. డయాగ్రం సార్ పక్కాయనతో, ‘‘నా స్టూడెంటే’’ అంటున్నారు. అది నేను ఓర్చుకోలేకపోయాను. బయటికొచ్చాక నలుగురి ముందూ, ‘‘నేను ఫెయిల్ కాలేదు సార్, అది పరీక్ష కాదు, రీసెర్చ్’’ అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

‘‘అట్లనా అమ్మా? మరి నేను చెప్పింది ఏమన్న పనికొచ్చిందా?’’

‘‘కొంచెం’’ అన్నాను.

ఆ పేపర్ చివర కంప్యూటర్ సెంటర్‌కు కూడా కృతజ్ఞతలు రాశాను గానీ, నలుగురూ నవ్వుతారని సార్ పేరు రాయలేదు. ఆ పేపర్‌తోనే డాక్టరేటు, ఆ తర్వాత ఉద్యోగం వచ్చాయి. ఇప్పుడు నా విద్యార్థులు ఏ లెక్క తెచ్చినా, ముందు చుట్టూ గీత గీయమంటాను. సార్ పోయి మూడేళ్లయింది. అప్పట్లో మేధావిననుకున్న నన్ను తలుచుకుంటే సిగ్గేస్తుంది, దాని వెంటే నవ్వూ వస్తుంది. కొంచెమట!