లావణ్య పొట్టి పడవ

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం పొద్దున, హుస్సేన్‌సాగర్ గట్టు మీద, నాన్న నాకు పడవ ఎంచుతున్నారు.

తెరచాప పడవలు నేర్పే వేసవి క్లాసులవి. నాచారంలో మా కింది వాటాలో ఉండే లావణ్య చేరిందని తెలిసి, రెండు పూటలు అన్నం మానేసి మరీ నేనూ చేరాను. ఇద్దరిదీ ఆరో తరగతే.

ఒడ్డున రెండు రకాలున్నాయి. ఒకటి పొట్టిది... వెడల్పు అడుగు, చదును ముక్కు, అతుకుల తెరచాప. రెండోది సన్నగా, పొడుగ్గా, తెల్లటి పెద్ద తెరచాపతో...

చెప్పులు, గౌన్లు, సైకిలు... నాన్న నాకు ఏదైనా ఒక సైజు పెద్దదే కొనేవారు. "పెరిగే పిల్ల సార్, పెద్దదే ఇయ్యుండ్రి. వచ్చే యేడాదికి చిన్నదైతది" అన్నారు.

నేర్పే సార్ నవ్వారు. "బూట్లు కావన్నా ఇవి. పిల్ల బరువు సాలకుంటే గాలికి పడవ బోర్ల పడ్తది."

నాన్న వినలేదు. నేనూ విననివ్వలేదు... లావణ్య పొట్టిది తీసుకుంది మరి.

"నీదేందే, తానం తొట్టి లెక్కుంది!" అన్నాను.

"తొట్టైతేంది, నన్ను మోస్తది గదా" అంది.

మోసింది కూడా. నాలుగో రోజుకే తాడు లాగుతూ, వదులుతూ, గాలి వచ్చే వైపు ఒరుగుతూ ఒక్కతే తిరిగేసింది. నేను రోజూ నీళ్లలో పడి, సార్ మోటారు పడవలో ఒడ్డుకొచ్చేదాన్ని. లావణ్య జడ మాత్రం పొడిగా ఉండేది. ఆ పొడి జడ చూస్తే ఒళ్లు మండేది నాకు...

చివరి రోజు పరీక్ష. నీళ్లలో తేలే ఎర్ర డ్రమ్మును ఒంటరిగా చుట్టి వచ్చిన వాళ్లనే ఏడాదంతా నేర్పడానికి ఉంచుకుంటారు. నాకది కావాలి... ఏడుపొచ్చేంతగా కావాలి.

లావణ్య ముందే చుట్టి వచ్చింది. దిగి, తన పడవ తాడు నా చేతిలో పెట్టింది. "జర దీన్ల పోవే. మస్తు అల్కగ తిరుగుతది."

సార్ కూడా తలూపారు. ఎక్కితే అయిపోయేది. కానీ ఆమె కూర్చున్న చోట కూర్చుని గెలవడమా... "నాకేం అక్కర్లే పో" అన్నాను.

డ్రమ్ము దాకా వెళ్లాను. మలుపులో ఒక్క గాలి విసురు... పెద్ద తెరచాప నన్ను ఎత్తి నీళ్లలో పడేసింది. లైఫ్ జాకెట్ పైకి తేల్చాక చూస్తే, గట్టు మీద లావణ్య నవ్వడం లేదు. నవ్వినా బాగుండేది.

ఆమె ఇప్పుడు పిల్లలకు పడవ నడపడం నేర్పుతోంది. నేను ఉప్పల్ మెట్రోలో నిలబడి, ఆమె పెట్టే ఆ క్లాసుల ఫొటోలు ఫోన్‌లో పెద్దవి చేసి మరీ చూస్తాను... లైక్ మాత్రం కొట్టను. ఇప్పటి పిల్లలను ముందు అన్నిటిలోనూ ఎక్కించి, ఏది నప్పితే అది ఇస్తున్నారట. చిన్న పడవలో కూర్చోవడానికి ఆ ఫొటోల్లో ఒక్కరూ సిగ్గుపడటం లేదు.

కడుపుమంటతో మీరు వద్దని వదిలేసింది ఏదైనా ఉందా... రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.