బ్రేకు లేని సీటు

కప్పగల్లు తిరుమలేష్ ముప్పై రెండేళ్లుగా లారీ తోలుతున్నాడు. వడ్లు కానీ, కౌల్ బజారుకు మిరప బస్తాలు కానీ, ఏది ఎత్తినా చేరాల్సిన చోటికి చేర్చాడు. ఇంత పనిమంతుడికీ ఒక రోగం ఉంది. ఇంకొకడు స్టీరింగు పట్టుకుంటే చాలు, ఇతని కుడికాలు ఊరుకోదు. బస్సెక్కినా, అల్లుడి కారెక్కినా లేని బ్రేకును తొక్కుతూనే ఉంటాడు. మరో డ్రైవరు బాగా తోలాడని అతని నోట విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

అలాంటివాణ్ణి విమానం ఎక్కమంటే ఎక్కుతాడా? అక్క నాగరత్నమ్మకు కాశీ చూడాలని ఆశ. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి, రైల్లో రెండు రోజులు కూర్చోలేదు. పైగా తమ్ముడు తోడొస్తేనే వెళ్తానని పట్టు. ఆమె కూతురు వినూత రెండుసార్లు విమానం టికెట్లు తీసింది. ఒకసారి తిరుమలేష్‌కు జ్వరం వచ్చింది, ఇంకోసారి లారీ ఇంజిను అడ్డొచ్చింది. ఆ జ్వరం ఎలాంటిదో అక్కకు తెలుసు.

మూడోసారి ఆమె ఒక్క మాటే అంది.

"ఈసారి నువ్వు రాకుంటే నేను మళ్లా అడగనులేప్పా. కాశీ మాట ఇంక ఎత్తను."

తిట్టి ఉంటే ఎలాగో తప్పించుకునేవాడు. అడగనన్నందుకు భయపడి, విమానం ఎక్కడానికి బెంగళూరుకు బయల్దేరాడు.

జేబులో రెండు నిమ్మకాయలు పెట్టుకున్నాడు. దూర ప్రయాణమంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించనిదే అతను బండి కదిలించడు. విమానం ఎక్కే గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయిని పక్కకు పిలిచి, ముందు చక్రం కింద పెట్టించమని కన్నడంలో బతిమాలాడు. ఆ పిల్ల నవ్వాపుకుని, చక్రాల దగ్గరికి ఎవరినీ పోనివ్వరని చెప్పింది. నాగరత్నమ్మ తమలపాకు నములుతూ మొహం అటు తిప్పుకుంది.

విమానం లేచింది. తిరుమలేష్ కుడికాలు నేలను తొక్కింది. మబ్బుల్లో ఒక కుదుపు వచ్చేసరికి రెండు కాళ్లూ బిగుసుకుపోయాయి.

"ఎవురికి బ్రేకేస్తాండావు?" అంది అక్క.

"నాకు చావంటే భయం కాదక్కా. సండూరు ఘాట్లో, వానలో బ్రేకు పట్టకపోయినా నేను అదరలేదు. ఈడ నా చేతిలో ఏమీ లేదు. తోలేవాడు ఎవుడో, మొగం కూడా చూడలేదు."

అనేశాక అతనికే ఆశ్చర్యమైంది. ఇన్నాళ్లూ తన భయం ఎత్తంటేనని అనుకుంటున్నాడు.

"నువ్వు కొత్తగా లారీ పట్టినప్పుడు పక్కన ఎవురు కూచునిండ్రి?"

"నువ్వే."

నిజమే. చెయ్యి కుదరని తమ్ముడి పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. అక్క ఒక్కతే చోరనూరు దాకా వెళ్లి వచ్చింది. దారి పొడుగునా ఆకు నములుతూ, పక్కనున్న చేలు చూపిస్తూ కూర్చుంది. అక్క ధైర్యం చూసే తనకు డ్రైవింగు వచ్చిందని లారీ స్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"నీకు ఆ పొద్దు భయం కాలేదా?"

"కాకేం? పానం పోతాండె. నోరు ఖాళీగా ఉంటే యాడ అరుస్తానో అని ఆకు నమిల్తి. నేను అరిస్తే నీ చెయ్యి వణుకుతాది గదా."

తిరుమలేష్ అక్క ఒళ్లోని ఆకుల సంచి వైపు చూశాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నిండుగా ఉండింది. ఇప్పుడు అడుగున ఒక్క ఆకే మిగిలింది. అక్క దాన్ని కూడా తీసి తొడిమ తుంచుతోంది.

కుడికాలు వెనక్కి లాగి సీటు కింద పెట్టుకున్నాడు. జేబులోంచి నిమ్మకాయ తీసి, వాసన చూడమని అక్క చేతికిచ్చాడు.

విమానం మళ్లీ కుదిపింది. అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఏం కాదక్కా. గుంత వచ్చింటాది. ముందే చూసి నిదానించినాడు" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఈ డ్రైవరు బాగా తోల్తాండాడు."