మా నీళ్ల వార్త

మొన్న ఒక విదేశీ టీవీ బృందం పూండిలో రైలు దిగి మా పేటకొచ్చింది. ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద కథనం చేస్తారట. ఎవరో నన్ను చూపించారు కాబోలు, ఆ బృందంలోని ఒక అమ్మాయి నా చొక్కాకి చిన్న మైకు తగిలించి, మీ నీళ్ల గురించి చెప్పండి అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగు చానెల్‌కి విదేశీ వార్తల విలేకరిగా రిటైరయ్యేదాకా నేను వెలగబెట్టిన పనీ అదే మరి. తెలియని దేశంలో దిగడం, ఏడుస్తున్నవాళ్లకి మైకు తగిలించడం, మర్నాడు విమానం ఎక్కేయడం.

మా అన్న చేపల వేటకెళ్లి బతికినవాడు. కిడ్నీలు పోయాక పడవ అమ్మేసి, డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తుండేవాడు. అక్కడ మంచానికి ఎదురుగా గోడ మీద టీవీ. అందులో నేను కనపడితే చాలు, నర్సమ్మ కసురుతున్నా వినకుండా సూదులున్న చేత్తోనే పక్క మంచాలవాళ్లకి చూపించేవాడట. మా పేటలో గంగమ్మ పండక్కి మైకు పెడితే, అది చేతికొచ్చినవాడు వలల తగువు దగ్గర్నుంచి అల్లుడి అలక దాకా ఏదైనా మాట్లాడొచ్చు. మధ్యలో లాక్కునే హక్కు పెద్దలకి కూడా లేదు. టీవీ కూడా అంతేననుకున్నాడు మా వెర్రి అన్న. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. "మైకు నీ సేతిలోనే ఉంది కదరా. మన నీళ్ల గురించి ఓ రెండు నిమిషాలు సెప్పు. పిల్లలకైనా మంచినీళ్లొత్తాయి."

ఏం చెప్పాలన్నది హైదరాబాదు ఆఫీసు ఇష్టమని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నేను అడగని ఎడిటరు లేడు. "మీవి విదేశీ వార్తలు. ఉద్దానం విదేశం కాదు కదా" అని నవ్వేవారు. ఏసీ గదుల్లో కూర్చుని నవ్వడానికి వాళ్లదేం పోయింది. అదే ఆఫీసు, ఎక్కడో ఖండాంతరంలో ఒక నది విషమైందంటే నన్ను పరుగులు పెట్టించింది. ఆ కథనానికి శాలువా కూడా కప్పారు. అది ప్రసారమైన రోజే అన్న ఫోన్ చేశాడు. "బాగా సెప్పావురా. ఆ నదికాడి ముసలమ్మ నీళ్ల బిందె సూపించేసరికి మా వార్డంతా ఏడిసింది." ఫోన్ పెట్టేసే ముందు, "ఆళ్లకి మంచినీళ్లొచ్చేత్తాయిలే" అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండును. మనస్ఫూర్తిగా అన్నాడు. మళ్లీ మన నీళ్ల మాట ఎత్తలేదు.

ఆ చలికాలం దాటలేదు మనిషి. నేను పరాయి దేశపు ఎన్నికల ఫలితాలు చెప్పి, విమానాలు మారి వచ్చేసరికి అంతా అయిపోయింది. వదిన నన్ను పట్టుకుని ఏడవలేదు. "ఆఖర్న కూడా టీవీ కట్టెయ్యనియ్యలేదు బాబూ. ఉండండి, మావోడు ఇప్పుడు సెప్తాడేమో అన్నాడు" అంది.

రెండేసి నిమిషాల ముక్కలుగానే నా వయసంతా ఖర్చయిపోయింది. వాటిలో ఒక్కటి కూడా మా అన్నకి దొరకలేదు.