ఓబుళమ్మత్త తొలి వాయి బజ్జీలు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఏ హోటల్లో మా నాయన కూర్చున్నా, బజ్జీలు వేసే మనిషి ఒక కన్ను బాండలి మీద, ఒక కన్ను నాయన మీద వేసి ఉంచేవాడు.

ఎర్రగడ్డ బజ్జీ... అదే, మీరు ఉల్లిపాయ అంటారే, అది. నాయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, అంచున కొరికి, మెల్లగా లాగేవాడు. గడ్డా పిండీ కలిసి తెగాయా, సరే. గడ్డ మొత్తం జారి నోట్లోకి వచ్చి, చేతిలో ఉత్త పిండి గాజు మిగిలిందా... ఇక ఆ హోటలాయన పని అయిపోయినట్టే!

"ఏందప్పా ఇది? గడ్డ దోవ గడ్డది, పిండి దోవ పిండిది!" అనేవాడు, బజారంతా వినపడేటట్టు.

మొన్న నంద్యాలలో ఒక రెస్టారెంట్‌కు వెళ్తే మా పాప ఆనియన్ రింగ్స్ చెప్పింది. చిన్న బుట్టలో కాగితం పరిచి, పక్కన తెల్లటి సాస్ పెట్టి భలే ముచ్చటగా తెచ్చారు. కొరికాను... గడ్డ సర్రున జారి నోట్లోకి వచ్చేసింది. "బాగాలేవు, పోదాం పదమ్మా" అంది పాప. నాకేమో మా ఓబుళమ్మత్త గుర్తొచ్చింది.

అత్త మా నాయనకు ఒక్కతే చెల్లెలు. మామ పోయాక ఇద్దరు పిల్లలతో ఆళ్లగడ్డలోనే ఉండిపోయింది. "ఇంటికి వచ్చెయ్ మే, మాతోనే తిందురు" అని నాయన ఎన్నిసార్లు పిలిచినా వినలేదు.

"వద్దన్నా. నా పిల్లోళ్లు నా పొయ్యి మీద వండిందే తినాల" అనేది.

చివరికి రుద్రవరం రోడ్డులో ఒక రేకుల గదిలో బజ్జీల హోటల్ మొదలుపెట్టింది. అది నడవకపోతే మూటాముల్లె సర్దుకుని అన్న పంచన చేరాల్సిందే... ఆ సంగతి ఇంట్లో పిల్లలం మాకు కూడా తెలుసు.

హోటల్ తెరిచిన రోజు పొద్దున నాయన మా చేనిలో అప్పుడే పీకిన ఎర్రగడ్డలు మూట కట్టుకుని వచ్చి హోటల్లో దించాడు. చెల్లెలికి సారె పెట్టినంత సంబరం ఆయన మొహంలో.

సాయంత్రానికి జనం బాగానే వచ్చారు. అత్త తొలి వాయి తీసి, ఆచారం ప్రకారం ఒక బజ్జీ పొయ్యిలో వేసి, ప్లేటు తెచ్చి నాయన ముందర పెట్టింది. ఆయన తిని చెప్పేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. బజ్జీల విషయంలో ఆయన మాటంటే అంత గురి మరి!

నాయన కొరికాడు. లాగాడు. గడ్డ జారిపోయింది.

చెల్లెలు కదా, ఈ ఒక్కసారికి ఊరుకుంటాడేమో అనుకున్నాను. ఊహూ...

"గడ్డ జారిపోతాంది మే" అనేశాడు.

వెనక బెంచీలో ఇద్దరు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. అత్త తల వంచుకుని పిండి కలుపుతూ ఉంది. నాయన లేచి వెళ్లి, కోసిపెట్టిన గడ్డ చక్రం ఒకటి తీసి నొక్కాడు. నీళ్లు బొటబొటా కారాయి.

"ఆరని గడ్డలు! ఇంత నీళ్లుంటే పిండి యాడ పట్టుకుంటాది? ఆడ గంపలో ఎండు గడ్డలు పెట్టుకోనుండావ్ గదా, ఇవెందుకు కోసినావ్?"

అత్త అప్పుడు తల ఎత్తింది. "పుట్టింటి నుంచి వచ్చినేటివి పక్కన పెట్టి, అంగడి గడ్డలతో పొయ్యి ముట్టియ్యమంటావాన్నా?"

నాయన చేతిలోని చక్రం పక్కన పెట్టాడు. జనం వైపు తిరిగాడు.

"ఎవురూ లేయగాకండప్పా. తప్పు నాది. చేన్లో నుంచి పచ్చి గడ్డ పెరుక్కోనొచ్చి ఇచ్చినా. కూచోండి, ఇంగో వాయి వస్తాంది."

అని తానూ కూర్చున్నాడు. అత్త ఎండు గడ్డలు కోసి, రెండో వాయి తీసేదాకా ఆ జారిపోయే బజ్జీలన్నీ ఒక్కొక్కటే తిన్నాడు... ఒక్కటి కూడా వదల్లేదు. రెండో వాయి వచ్చింది. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. కొరికి, నమిలి, ప్లేటు ముందుకు జరిపాడు.

"ఇంగో రెండు పెట్టు మే."

అంతసేపూ ఉగ్గబట్టుకున్న అత్త అప్పుడు ఏడ్చింది. బెంచీల మీద వాళ్లు నవ్వుతూ మాకంటే మాకని కేకలు పెట్టారు.

ఆ తర్వాత అత్త మా ఇంటికి చాలాసార్లు వచ్చింది... ఎప్పుడు వచ్చినా చుట్టంగానే వచ్చి, పండో పలహారమో పిల్లల చేతుల్లో పెట్టి, తన ఇంటికి తాను పోయింది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. బాగాలేదని మొహం మీద చెప్పేవాళ్లకు ఈ రోజుల్లో కొదవేమీ లేదు. చెప్పాక కూడా లేచిపోకుండా, మనకు బాగయ్యేదాకా మన దగ్గరే కూర్చునేవాళ్లే కనపడటం లేదు... మీకోసం అట్లా కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి ఇక్కడ రెండు మాటలు రాయండి. చదవాలని ఉంది.