వేపకొమ్మ మీద కండువా

పత్తి కట్టె తగలబెట్టడం మా వైపు ఇప్పటికీ పెద్ద ఘనకార్యం. ఆఖరి తీత అయిపోగానే కట్టె పీకి, కుప్పేసి, అగ్గిపుల్ల గీస్తారు. భూమికి చేరాల్సిన బలమంతా పొగైపోతుంది. ఇది తప్పని ఏళ్ళ తరబడి అరుస్తున్నాను. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. కొట్లో పప్పులు పొట్లం కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆ పాటి చదువున్న నాకు తెలిసింది, కారు అద్దాలెత్తుకుని ఆ పొగలోంచే పోయే పెద్ద చదువులవాళ్ళకు తెలియదా?

మా ఆవిడకు ఆ పొగ అసలు పడదు. కట్టె తగలబెట్టే రోజులొస్తే ఒకటే దగ్గు. అందుకే నిరుడు గురజాల వెళ్ళి పెట్రోలుతో నడిచే కట్టె మిషన్ తెచ్చాను. పైనున్న నోట్లో కట్టె పెడితే లోపలి కత్తులు పొట్టు పొట్టుగా నరికి పక్కకు చిమ్ముతాయి. ఆ పొట్టు మళ్ళీ చేలోనే చల్లుకోవచ్చు. అమ్మినవాడు, "తాడు లాగితే స్టార్ట్ అయిద్ది తాతా, ఇందులో ఏముంది?" అనేసి ఫోన్‌లో తల దూర్చాడు. ఏముందా? కత్తులున్నాయి నాయనా!

దానితో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ ముందేసుకుని ఒక్కో మాటా విడదీశాను. ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఇంజిను చల్లారాకే పెట్రోలు పోయాలి. నోటికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. కట్టె ఇరుక్కుంటే చేత్తో నెట్టకూడదు. వదులుగా వేలాడేదేదీ ఒంటి మీద ఉండకూడదు.

నా భయమంతా ఆవిడ చేతి గురించే. చేతితో తిప్పే చొప్పకత్తెర దగ్గర మేమిద్దరం ఏళ్ళ తరబడి పనిచేశాం. చొప్ప ఆగితే అరచేత్తో ఒక తోపు తోయడం ఆవిడకు అలవాటు. దానికితోడు ముంజేతుల నిండా మట్టిగాజులు. కొమ్మ ఒకటి గాజులో చిక్కుకుందంటే కట్టెతోపాటు చెయ్యి కూడా లోపలికే.

"గాజులు తియ్యవే" అన్నాను, చేలో మిషన్ దింపగానే.

"నువ్వు రాయిలాగుండగా చేతులు బోసిగా పెట్టుకోనా? నోరు కడుక్కో!"

"అట్లయితే ఇంట్లో కూర్చో."

"నేను అందియ్యకపోతే ఎవురందిస్తారు? నడుం వంగదుగా నీకు!"

అదీ నిజమే. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"వేలాడేదేదీ ఉండగూడదని చదివావే, మరి నీ భుజాన ఉండేదేంది? గుడ్డ గాదా?"

నాకు చర్రున కోపం వచ్చింది. మా ఊళ్ళో కండువా లేకుండా గడప దాటిన మగవాడు లేడు. ఉన్న కండువా తీశాడంటే పార్టీ మారుతున్నాడనే లెక్క. అయినా పుస్తకం నేనే చదివాను కదా. ఆవిడకొక న్యాయం, నాకొక న్యాయం ఎలా కుదురుతుంది? కండువా తీసి చేను గట్టు మీది వేపకొమ్మకు వేశాను.

ఆవిడ దానికేసి చూసింది. గట్టు పక్కనే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళి పసుపు దారం తెచ్చి రెండు ముంజేతులకూ బిగించి కట్టమంది. కట్టాను. గాజులు పగిలితే కొత్తవి వేసుకునేదాకా ఆడవాళ్ళు అలాగే కట్టుకుంటారు. తర్వాత గాజులు తీసింది. ఒకప్పుడు సబ్బు రాసినా కదలని గాజులు ఇప్పుడు వాటంతటవే జారివచ్చాయి. అంత సన్నబడ్డాయి ఆ చేతులు. ఆ గాజులను నా కండువా చెంగున మూటగట్టి, మిరపకోతలకు వేసుకునే నా పాత ఫుల్‌చొక్కా తొడుక్కుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకుంది.

చెవుల్లో మా చేలో పత్తే కుక్కుకుని మొదలెట్టాం. సగం కుప్ప అయ్యాక ఒక కట్టె ఇరుక్కుంది. ఆవిడ అరచెయ్యి దానంతటదే లేచింది. చెయ్యి గాల్లోనే ఆగింది, ఆపమన్నట్టు నాకేసి తిరిగింది. ఇంజిను ఆపాను, ప్లగ్గు వైరు పీకాను. కత్తుల చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఇద్దరం కదల్లేదు. అప్పుడు కర్రతో తీశాను.

అంతలో పక్క చేను బావమరిది వచ్చాడు. వరసకే బావమరిది, ఊరి రాజకీయాల్లో మాత్రం ఆరితేరినవాడు.

"ఏంది బావా, కండువా తీసేశావు? ఏ పార్టీలోకి?"

"మీ అక్క పార్టీలోకి."

"ఆ పార్టీలోనే గదా పెళ్ళయిన కాణ్ణించి ఉండావు!" అని పకపకా నవ్వి, "రేపు నాకియ్యి బావా మిషను, చానా కట్టె ఉంది" అన్నాడు.

ఆవిడ వేపకొమ్మ వైపు వేలు చూపింది. "ముందు నీదీ ఆడ పెట్టు తమ్ముడూ. మాటలు తరవాత."

ఊళ్ళో పెద్ద మనిషి, గొణుక్కుంటూనే కండువా తీసి కొమ్మకు వేశాడు.

పని అయ్యాక కొమ్మ మీది నుంచి నా కండువా తీసి, చెంగు ముడి విప్పి, ఆవిడ చేతికి ఒక్కో గాజూ ఎక్కించాను. ఆవిడ నవ్వుతూ వేళ్ళు దగ్గరకు ముడిచి చెయ్యి చాపింది. ఇప్పుడు మిషన్ తిప్పిన ప్రతి రోజూ ఆ పని నాదే.